గుడ్డు నుంచి పెద్ద చేప దాకా: జీబ్రా చేపల జీవిత దశలను గమనిస్తూ పిల్లలను పెంచే పద్ధతి

చేపల సంతానోత్పత్తి గురించి ఎంత చదివినా, ఒక్కసారి గాజు తొట్టిలో గుడ్లు పెట్టించి, ఆ గుడ్లలో పిండం రూపుదిద్దుకోవడాన్ని భూతద్దంతో చూసినప్పుడు కలిగే అవగాహన వేరు. ఈ పనికి జీబ్రా చేప చాలా అనువైనది. దీని గుడ్డు పారదర్శకంగా ఉంటుంది, ఫలదీకరణ తల్లి శరీరం బయట జరుగుతుంది, మూడు రోజుల్లోపే గుడ్డులోంచి పిల్ల బయటికి వస్తుంది, ఆ పిల్ల మూడు నెలలకల్లా తానే సంతానోత్పత్తికి సిద్ధమవుతుంది. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగా పరివాహక ప్రాంతపు చేపలను వర్ణిస్తూ లోకానికి పరిచయం చేసిన ఈ చిన్న చేపను, ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో జార్జ్ స్ట్రైసింగర్ చేసిన కృషి తర్వాత ప్రపంచమంతటా ప్రయోగశాలలు పెంచుతున్నాయి. అందువల్ల దీని పెరుగుదల గురించి గంట గంటకూ లెక్క తెలుసు.

ఆ లెక్కను వాడుకునే ముందు గుర్తుంచుకోవలసిన విషయం ఒకటి ఉంది. చేప వయసును రోజుల్లో కాకుండా దశల్లో చూడాలి. చేప శరీరానికి సొంత వేడి లేనందున పెరుగుదల వేగాన్ని నీటి ఉష్ణోగ్రతే నిర్ణయిస్తుంది. 28.5 డిగ్రీల సెల్సియస్ వద్ద 24 గంటల్లో వచ్చే దశకు చేరడానికి, 25 డిగ్రీల నీటిలో ఉన్న పిండానికి దాదాపు 30 గంటలు పడుతుంది. కాబట్టి ఈ వ్యాసంలో ఇచ్చిన గంటలు, రోజులు 28.5 డిగ్రీలకు వర్తించేవని గ్రహించి, తిండి పెట్టాలా, నీరు మార్చాలా, పెద్ద తొట్టికి మార్చాలా అన్న ప్రతి నిర్ణయాన్నీ పిల్ల ఏం చేయగలుగుతోందో చూసి తీసుకోవాలి. పిల్లలను పోగొట్టుకునేవారిలో చాలామంది క్యాలెండరును నమ్ముకున్నవారేనని నా అభిప్రాయం.

జతను ఎంచుకోవడం, గుడ్లు పెట్టించడం

నాలుగు నెలలు దాటి, ఏడాదిన్నర లోపు వయసున్న చేపలను ఎంచుకోవాలి. పక్కపక్కనే పెట్టి చూస్తే ఆడ, మగ తేడా తెలుస్తుంది. ఆడ చేప పొట్ట గుండ్రంగా, వెండి రంగులో ఉంటుంది. మగ చేప సన్నగా ఉండి, చారల మధ్య భాగంలోనూ, పొట్ట కింది వాజంలోనూ లేత బంగారు ఛాయ కనిపిస్తుంది. చిన్న వయసులో ఈ తేడా స్పష్టంగా ఉండదు, అనుమానమున్న చేపను పక్కన పెట్టడమే మంచిది. ఎంచుకున్న వాటిని ఆడవి ఒక తొట్టిలో, మగవి మరో తొట్టిలో వారం పాటు ఉంచి, రోజుకు రెండు మూడుసార్లు మంచి మేత, వీలైతే బతికున్న ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే రొయ్యలాంటి చిన్న జీవి) పిల్లలను ఇవ్వాలి. ఆడ చేప అండాశయంలో గుడ్లు తయారయ్యేది ఈ మేత బలంతోనే.

ఈ చేపలు తెల్లవారగానే గుడ్లు పెడతాయి. అడవిలో సూర్యోదయం చేసే పనిని ఇంట్లో దీపం చేయాలి. రోజుకు 14 గంటలు వెలుతురు, 10 గంటలు పూర్తి చీకటి ఉండేలా టైమర్ పెట్టి, ఆ క్రమాన్ని మార్చకుండా కొన్నాళ్లు కొనసాగించాలి. రాత్రి మధ్యలో ఎవరో దీపం వేసి తీసినా క్రమం చెదురుతుంది. గుడ్లు కావాలనుకున్న రోజుకు ముందటి సాయంత్రం, పది పదిహేను సెంటీమీటర్ల లోతు నీరున్న చిన్న తొట్టిలో ఒక ఆడ, ఒక మగ చేపను వదిలి, మధ్యలో పారదర్శకమైన అడ్డుపలక పెట్టాలి. ఉదయం దీపం వెలిగిన వెంటనే ఆ పలకను తీసేయాలి.

తొట్టి అడుగున ఏర్పాటు లేకుండా ఈ పనికి పూనుకోకూడదు. జీబ్రా చేప గుడ్లు జిగురు లేనివి, నీటికంటే బరువైనవి కాబట్టి నేరుగా కిందికి దిగిపోతాయి, తల్లిదండ్రులు వాటిని అక్కడికక్కడే ఏరుకుని తింటాయి. అడుగున గాజు గోళీలు రెండు వరసలుగా పరచినా, గుడ్డు జారిపోయి చేప దూరలేని వల అమర్చినా సరిపోతుంది.

పలక తీశాక కాసేపు ఓపిగ్గా చూడాలి. మగ చేప ఆడదాన్ని తరుముతుంది, మూతితో పొట్ట పక్కన పొడుస్తుంది, చుట్టూ తిరుగుతుంది. చివరికి రెండూ ఒకదాని పక్కన ఒకటి ఒరుసుకుని ఒక్క క్షణం వణుకుతాయి. అదే గుడ్లు, శుక్రకణాలు ఒకేసారి నీటిలోకి విడుదలయ్యే క్షణం. ఒక్కో విడతలో 5 నుంచి 20 గుడ్లు పడతాయి. ఇది గంటసేపు పలుమార్లు జరిగి, ఆరోగ్యంగా ఉన్న ఆడ చేప ఒక ఉదయంలో వందకు పైగా గుడ్లు పెట్టగలదు.

ఆ వణుకు అంత కచ్చితంగా కలిసి రావడానికి కారణం ఉంది. మగ చేప శరీరంలో ఉన్నంతసేపు శుక్రకణాలు కదలవు, మంచినీరు తగలగానే చలనం పొంది, నిమిషం అటూఇటూగా ఈది ఆగిపోతాయి. గుడ్డు పొరకు ఒకే ఒక్క సన్నని రంధ్రం ఉంటుంది, అందులో ఒక శుక్రకణం మాత్రమే పడుతుంది. నీరు తగిలాక గుడ్డు ఉబ్బి, పొర సొన నుంచి పైకి లేచి, ఆ దారి మూసుకుపోతుంది. అంటే రెండు వైపులా గడువు చాలా తక్కువ. ఈ ఇబ్బందిని ఒక్కో జాతి చేప ఒక్కో విధంగా ఎదుర్కొంటుంది. కాడ్ చేప లక్షలాది గుడ్లను సముద్రంలోకి వదులుతుంది. నైలు తిలాపియాలో తల్లి ఫలదీకరణ చెందిన గుడ్లను నోట్లోకి తీసుకుని, పిల్లలయ్యేవరకు కాపాడుతుంది. సముద్రపు గుర్రంలో ఆడది గుడ్లను మగదాని పొట్ట సంచిలో పెడితే, మగదే వాటిని మోసి కంటుంది. గప్పీలో ఫలదీకరణ తల్లి కడుపులోనే జరిగి, సుమారు నాలుగు వారాలకు ఈదగల పిల్లలే పుడతాయి, పైగా ఆడ గప్పీ శుక్రకణాలను నెలల తరబడి దాచుకోగలదు. గప్పీలను పెంచేవారికి ఈ వ్యాసంలో సగం అవసరం రాదు, మిగతావారు ముందుకు సాగవచ్చు.

మొదటి రోజు: గుడ్డులో జరిగేది

గంటా గంటన్నర తర్వాత పెద్ద చేపలను వేరే తొట్టికి మార్చి, అడుగునున్న గుడ్లను సన్నని గొట్టంతో నీటితోపాటు లాగి, టీ వడపోసే జల్లెడలాంటి దానిలో పట్టాలి. శుభ్రమైన నీటితో మెల్లగా కడిగి, వెడల్పాటి గాజు పళ్లెంలోకి మార్చాలి. పది సెంటీమీటర్ల పళ్లెంలో 50 లేదా 60 గుడ్లకు మించకూడదు. ఈ నీటిలో క్లోరిన్ ఉండరాదు, నీటి ఉష్ణోగ్రత గుడ్లు పెట్టిన తొట్టి నీటితో సమానంగా ఉండాలి. మిథిలీన్ బ్లూ ద్రావణం లేత నీలం ఛాయ వచ్చేంత మాత్రమే కలిపితే బూజు అదుపులో ఉంటుంది. చిక్కటి నీలం వచ్చేలా పోస్తే గుడ్డు లోపల ఏమీ కనిపించదు.

సొన భాగం సుమారు 0.7 మిల్లీమీటర్లు, ఉబ్బిన పొరతో కలిపి గుడ్డు ఒక మిల్లీమీటరు పైచిలుకు ఉంటుంది. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం ఉన్నా చాలు, చవకరకం సూక్ష్మదర్శిని ఉంటే ఇంకా మంచిది. మొదటి అరగంటలో సొన మీద ఒక వైపున తేటగా ఉన్న పదార్థం పోగై చిన్న గుబ్బగా ఏర్పడుతుంది. సుమారు ముప్పావు గంటకు ఆ గుబ్బ రెండు కణాలవుతుంది. అక్కడి నుంచి దాదాపు పావుగంటకొకసారి కణాల సంఖ్య రెట్టింపవుతూ, రెండు గంటలకు 64కు చేరుతుంది. కళ్లు తిప్పుకోకుండా చూస్తే ఒక కణం మధ్యలో గీత పడి, లోతై, రెండుగా విడిపోవడం కనిపిస్తుంది. జీవశాస్త్ర పుస్తకంలో ఇది బొమ్మల వరస, ఇక్కడ కదులుతూ కనిపిస్తుంది.

గుడ్లను ఏరడానికి సరైన సమయం కూడా ఇదే. ఫలదీకరణ జరగని గుడ్డు కూడా నీరు తగలగానే ఉబ్బి, గుబ్బ కట్టి, మొదటి గంటలో మంచి గుడ్డులాగే కనిపించి మోసం చేస్తుంది. రెండో గంటలో మాత్రం దాని గుట్టు బయటపడుతుంది, ఎందుకంటే మంచి గుడ్డులో కణాలు ఒకే పరిమాణంలో, వరసల్లో అమరి ఉంటే, చెడ్డ గుడ్డులో అసలు గీతలే ఉండవు, లేదా వంకరటింకర ముద్దలు కనిపిస్తాయి. అలాంటి వాటిని డ్రాపర్‌తో తీసేయాలి. సాయంత్రానికి ఇంకొన్ని తెల్లగా, పాలపొడి రంగులోకి మారతాయి, వాటినీ తీసేయాలి. ఒక్క చచ్చిన గుడ్డును వదిలేసినా దాని మీద పట్టిన బూజు పోగులు పక్క గుడ్లకు పాకుతాయి.

నాలుగో గంట దాటాక కణాల గుట్ట పలచబడి, టోపీని తల మీదికి లాగినట్టుగా సొన మీదికి దిగడం మొదలవుతుంది. ఐదుంపావు గంటలకు సగం దూరం వస్తుంది, పది గంటలకు సొనను పూర్తిగా కప్పేస్తుంది. ఈ దిగుడు జరుగుతుండగానే కణాలు లోపలికి మడతపడి, ఏది చర్మం, ఏది కండరం, ఏది పేగు అన్న విభజన ఏర్పడుతుంది. ఆ తర్వాత వీపు వెంట కండర ఖండాలు ఒక్కొక్కటిగా, తల వైపు నుంచి తోక వైపుకు, మొదట గంటకు మూడు చొప్పున, తర్వాత రెండు చొప్పున ఏర్పడుతూ వస్తాయి. పిండం ఎంత పెరిగిందో తెలియాలంటే గడియారం చూడకుండా ఈ ఖండాలను లెక్కపెట్టాలి, ప్రయోగశాలల్లో చేసేదీ అదే. పదిహేడు పద్దెనిమిది గంటల ప్రాంతంలో తోక మొదటిసారి కదులుతుంది. ఒక్కసారిగా ఇటు ముడుచుకుని, ఆగి, మళ్లీ అటు ముడుచుకుంటుంది.

రెండో రోజు, మూడో రోజు

ఇరవై నాలుగు గంటలకు కన్ను గుండ్రంగా తేలి, తోక సొన నుంచి విడివడి, గుండె కొట్టుకోవడం మొదలవుతుంది. ఇదే సమయంలో కంటిలోనూ, వీపు మీదా నల్లటి చుక్కలు తొంగిచూస్తాయి. రెండో రోజున చూడవలసింది గుండెనే. తలకూ సొనకూ మధ్య ఉన్న ఆ చిన్న గొట్టం నిమిషానికి నూరుసార్లకు పైగా ముడుచుకుంటుంది, రక్తకణాలు ఒకదాని వెనక ఒకటి తోక చివరిదాకా వెళ్లి, మలుపు తిరిగి, కింది నాళం గుండా వెనక్కి రావడం పారదర్శకమైన చర్మంలోంచి స్పష్టంగా కనిపిస్తుంది. ఒక జీవి రక్తప్రసరణను కోత లేకుండా ఇంత తేలిగ్గా చూడగలిగే అవకాశం అరుదు. దీపపు వేడికి నీరు వేడెక్కకుండా మాత్రం జాగ్రత్తపడాలి.

గుడ్డు పగలడం 48 నుంచి 72 గంటల మధ్య జరుగుతుంది. పిండం ముందుభాగంలోని ప్రత్యేక గ్రంథి కణాలు విడుదల చేసే ఎంజైములు పొరను పలచబరిస్తే, తోక విదిలింపు దాన్ని చీలుస్తుంది. ఒకే ఉదయం పడిన గుడ్లలో కొన్ని రెండో రోజు పగులుతాయి, కొన్ని మూడో రోజు దాకా ఆగుతాయి. ఆగినవి వెనకబడినవి కావు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే శరీర నిర్మాణంలో తేడా ఉండదు, అందువల్లే శాస్త్రజ్ఞులు పగిలే సమయాన్ని వయసుకు కొలతగా తీసుకోరు. కాబట్టి ఆలస్యమైన గుడ్డును సూదితో చీల్చి సాయం చేయాలన్న ఆత్రం అనవసరం. పగిలిన పొరలను మాత్రం ఆ రోజే డ్రాపర్‌తో తీసి, మూడోవంతు నీరు మార్చాలి.

బయటికి వచ్చిన పిల్ల మూడు మిల్లీమీటర్ల పొడవుంటుంది. అది ఈదదు. పక్కకు ఒరిగి అడుగున పడి ఉంటుంది, లేదా తల మీది జిగురుతో గాజు గోడకు అంటుకుని నిలువుగా వేలాడుతుంది. కొత్తవారు దీన్ని చూసి జబ్బు చేసిందనుకుని మందులు వేస్తారు, లేదా ఆకలితో ఉందనుకుని మేత చల్లుతారు. రెండూ హాని చేసేవే. నోరు ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు, పేగు సిద్ధం కాలేదు, పొట్ట కింద వేలాడుతున్న పచ్చసొన సంచే దాని ఆహారం. ఈ దశలో చల్లిన మేత కుళ్లి నీటిని పాడుచేయడం తప్ప మరేమీ చేయదు.

మొదటి గాలి, మొదటి ముద్ద

పిల్లల పెంపకంలో అసలైన పరీక్ష నాలుగో రోజుకూ పదో రోజుకూ మధ్య ఉంటుంది. గుడ్డు దశలో పోయేవి పోగా మిగిలిన వాటిలో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే.

ముందుగా గాలి. నాలుగో రోజు, ఐదో రోజు ప్రాంతంలో పిల్ల ఎగుడుదిగుడుగా నీటి ఉపరితలానికి ఎగబాకి, ఒక్క గుక్క గాలి మింగి, దానితో ఈత తిత్తిని నింపుకుంటుంది. పక్క నుంచి చూస్తే వీపు కింద మెరిసే బుడగ కనిపిస్తుంది. ఆ బుడగ ఉన్న పిల్ల నీటి మధ్యలో నిశ్చలంగా నిలబడగలదు. అది లేని పిల్ల నిరంతరం తోక ఆడిస్తేనే పైన ఉంటుంది, ఆ శ్రమకే దాని సొన కాస్తా ఖర్చయిపోతుంది. నీటి మీద నూనె జిడ్డు, దుమ్ము, పొడి మేత తెట్టు ఉంటే పిల్ల ఆ పొరను ఛేదించి గాలి అందుకోలేదు. కాబట్టి ఆ రెండు రోజులూ ఉదయం, సాయంత్రం శుభ్రమైన కాగితాన్ని నీటి మీద పరిచి తీస్తే జిడ్డు దానికి అంటుకుని వచ్చేస్తుంది. నీటి లోతు మూడు నుంచి ఐదు సెంటీమీటర్లు చాలు, ఫిల్టర్ గానీ ఎయిర్ పంప్ గానీ ఉండకూడదు, నాలుగు మిల్లీమీటర్ల పిల్లకు బుడగల ఒరవడి కూడా వరదే.

తర్వాత తిండి. సొన వారం రోజుల్లో అయిపోతుంది. అది పూర్తిగా కరిగేలోపే బయటి తిండిని వేటాడడం నేర్చుకోలేని పిల్ల తర్వాత ఎంత మేత ఉన్నా తినలేనంత నీరసించిపోతుంది. సముద్రంలో ఏ ఏడాది ఎన్ని చేపలు పెరుగుతాయన్నది లార్వాలకు మొదటి తిండి సకాలంలో దొరకడం మీద ఆధారపడి ఉంటుందని నార్వే శాస్త్రజ్ఞుడు యోహాన్ యోర్ట్ 1914లోనే ప్రతిపాదించాడు. మహాసముద్రానికి ఆయన చెప్పినది గాజు పళ్లేనికి కూడా వర్తిస్తుంది.

పిల్ల నోటికి పట్టే తిండి అంటే పారమీషియం, రోటిఫర్లు అనే నీటిలోని సూక్ష్మజీవులు, లేదా లార్వాల కోసం ప్రత్యేకంగా తయారుచేసిన అతి మెత్తని పొడి. మొదటి రెండూ కదులుతాయి కాబట్టి పిల్లలను ఇట్టే ఆకర్షిస్తాయి. అయితే పారమీషియం కల్చర్ ఒక్క రాత్రిలో తయారు కాదు, గుడ్లు పెట్టించడానికి వారం ముందే మొదలుపెట్టి ఉండాలి. ఈ ఒక్క విషయం మరిచిపోయినవారి దగ్గర ఎంత మంచి గుడ్లు ఉన్నా పదో రోజుకు తొట్టి ఖాళీ అవుతుంది. తిండిని రోజుకు మూడు నాలుగు సార్లు, కొద్దికొద్దిగా వేసి, ప్రతి సాయంత్రం అడుగున మిగిలినది పీల్చేసి, తీసినంత నీరు అదే వేడిలో మెల్లగా పోయాలి.

పిల్ల తింటోందా లేదా అన్నది ఊహకు వదలకూడదు. కొన్ని నిమిషాలు భూతద్దంతో గమనిస్తే వేట కనిపిస్తుంది. పిల్ల రెండు కళ్లనూ ముందుకు తిప్పి ఒకే లక్ష్యం మీద నిలుపుతుంది, తోక చివరను మాత్రం కొక్కెంలా వంచి శరీరాన్ని ఎరకు సూటిగా తిప్పుకుంటుంది, ఒక్క ఉదుటున ముందుకు దూకి నోరు తెరుస్తుంది. గురి తప్పడం మామూలే. మేత వేసిన అరగంటకు పొట్టను చూడాలి, తిన్న పిల్ల పేగు నిండుగా, మసక రంగులో కనిపిస్తుంది, తినని దాని పేగు ఖాళీ గొట్టంలా తేటగా ఉంటుంది. ఎక్కువ పిల్లల పొట్టలు ఖాళీగా ఉంటే మేత పరిమాణం పెంచడం కాదు, మేత రకం మార్చాలి, రేణువు పెద్దదై ఉండవచ్చు.

తొమ్మిది పది రోజులు గడిచాక అప్పుడే పొదిగిన ఆర్టీమియా పిల్లలను ఇవ్వవచ్చు. లీటరు నీటికి 25 నుంచి 30 గ్రాముల ఉప్పు కలిపి, 28 డిగ్రీల వద్ద గాలి బుడగలతో ఉంచితే సుమారు 24 గంటల్లో అవి పొదుగుతాయి. పెంకులను వేరుచేసి, మంచినీటితో కడిగి వేయాలి. నారింజ రంగు పొట్టలు కనిపించాయంటే పిల్లలు ఆ తిండికి సిద్ధమయ్యాయన్న మాట. కనిపించనివాటి కోసం ఇంకొన్ని రోజులు పారమీషియం కొనసాగించాలి.

లార్వా చేపగా మారడం

ఇప్పటిదాకా మనం పిల్ల అంటున్నది నిజానికి లార్వా. దానికి పొలుసుల్లేవు, వెన్ను నుంచి తోక చుట్టూ పొట్ట కిందిదాకా ఒకే పలచని అంచు ఉంటుంది. రెండో వారం నుంచి ఆ అంచు మధ్యమధ్యలో కరిగిపోయి, మిగిలిన చోట్ల ముళ్లలాంటి ఆధారాలు పుట్టి విడివిడి వాజాలుగా మారుతుంది. తోక చివర వెన్నుదండు పైకి వంగి, దాని కింద తోక వాజం విచ్చుకుంటుంది. తర్వాత చారలు ఒక్కొక్కటిగా తేలతాయి, నెల రోజుల ప్రాంతంలో పొలుసులు వస్తాయి. చదునుచేప లార్వాలో ఈ మార్పు మరీ విచిత్రంగా ఉంటుంది, మామూలు చేపలా పుట్టిన దానికి ఒక కన్ను తల మీదుగా రెండో వైపుకు జరుగుతుంది. యూరప్ ఈల్ లార్వా ఆకులా చదునుగా, తేటగా ఉండి, పెద్ద చేపతో ఏ పోలికా లేకుండా అట్లాంటిక్ మహాసముద్రం దాటి వస్తుంది. అది పుట్టే చోటు అట్లాంటిక్‌లోని సర్గాసో సముద్రమని డెన్మార్క్ శాస్త్రజ్ఞుడు యోహానెస్ ష్మిట్ 1922లో ప్రకటించడానికి, నానాటికీ చిన్నవైన లార్వాల కోసం ఏళ్ల తరబడి వలలు వేయాల్సి వచ్చింది.

తొట్టికి వద్దాం. ఈ దశలో ఒకే రోజు పుట్టిన తోబుట్టువుల మధ్య తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఒకటి పది మిల్లీమీటర్లు ఉంటే దాని పక్కది ఆరు దగ్గరే ఉండిపోతుంది. దశను నిర్ణయించేది పొడవే తప్ప పుట్టిన తేదీ కాదు. పెద్దవి మేతనంతా ముందే అందుకుని ఇంకా పెద్దవవుతాయి కాబట్టి, మూడో వారం చివర ఒకసారి పరిమాణాన్ని బట్టి విడదీసి వేర్వేరు తొట్లలో పెంచితే చిన్నవి కూడా కోలుకుంటాయి. నీటి లోతు పెంచడం, మెల్లగా నడిచే స్పాంజ్ ఫిల్టర్ పెట్టడం, పొడి మేత అలవాటు చేయడం కూడా ఇప్పుడే చేయాలి.

బయటికి కనిపించని మార్పు మరొకటి ఈ వారాల్లో జరుగుతుంది. జీబ్రా చేప పిల్లలన్నింటిలోనూ మొదట అండాశయాన్ని పోలిన అవయవమే ఏర్పడుతుంది. మగవి కాబోయే వాటిలో ఆ లేత గుడ్లు నశించి, దాని స్థానంలో వృషణం రూపొందుతుంది. ఏ పిల్ల ఎటు తిరుగుతుందన్నది వారసత్వం ఒక్కటే నిర్ణయించదు, కిక్కిరిసిన తొట్టిలో, అరకొర మేతతో పెరిగిన గుంపులో సాధారణంగా మగవే ఎక్కువవుతాయి. తర్వాతి తరానికి ఆడ చేపలు కావాలనుకునేవారు ఈ వారాల్లోనే తొట్టిని పలచగా, మేతను పుష్కలంగా ఉంచాలి. క్లౌన్ చేపల్లో లింగం పెద్దయ్యాక కూడా మారుతుంది, గుంపులోని ఆడది చనిపోతే పెద్ద మగది ఆడదవుతుంది. జీబ్రా చేపల్లో అలాంటి మార్పు మామూలుగా ఉండదు, ఒకసారి తేలింది తేలినట్టే.

కొత్త తరం

మూడు నెలలు నిండాక చేపలు మూడు సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉండి, ఆడవాటి పొట్టలు గుండ్రపడతాయి. మొదటిసారి పెట్టే గుడ్లు తక్కువగా, వాటిలో తెల్లబడేవి ఎక్కువగా ఉంటాయి, ఆ ఒక్క విడతతో జతను పనికిరాదని పక్కన పెట్టకూడదు. రెండో, మూడో విడతకు సంఖ్య, నాణ్యత రెండూ మెరుగవుతాయి. ఒకే ఆడ చేపను వారం పది రోజులకొకసారి మాత్రమే జతకు పెట్టాలి, అంతకంటే తరచుగా పెడితే గుడ్లు పలచబడతాయి, నెలల తరబడి అసలు పెట్టకపోయినా పాత గుడ్లు లోపలే పాడై ఇబ్బంది వస్తుంది. తోబుట్టువులనే తరం తర్వాత తరం జతకట్టిస్తూ పోతే బలహీనత పెరుగుతుంది కనుక, వేరే చోటి నుంచి వచ్చిన మగ చేపను మధ్యమధ్యలో చేర్చాలి.

పెంచలేనన్ని పిల్లలు మిగిలితే వాటిని చెరువులోనో వాగులోనో వదలకూడదు. తొట్టిలో పెరిగిన చేపలు మోసుకెళ్లే రోగాలు అక్కడి చేపలకు కొత్తవి కావచ్చు, సహజంగా అక్కడ లేని ఒక జాతిని ఆ నీటిలో ప్రవేశపెడితే తర్వాత వెనక్కి తీసుకునే మార్గం లేదు. పెంచే ఆసక్తి ఉన్నవారికి ఇవ్వడం, లేదా ఆడ, మగ చేపలను వేర్వేరు తొట్లలో ఉంచి గుడ్ల సంఖ్యను ముందే అదుపు చేయడం సరైన పద్ధతి.